ఇంటివాళ్ల బాకీ

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో ఒక మనిషి ఉన్నాడు. దయ్యాలు పట్టి సమాధుల మధ్య తిరిగినవాడు, కట్టిన సంకెళ్లు తెంపుకున్నవాడు, రాళ్లతో తన ఒళ్లు తానే గాయపరచుకున్నవాడు. యేసు ప్రభువు బాగుచేశాక అతను పడవ దగ్గరికి వచ్చి, మీ వెంటే వస్తానని బతిమాలుకున్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లి, దేవుడు తనమీద ఎంత జాలిపడ్డాడో తనవాళ్లకు చెప్పమని పంపించాడు.

కొత్తగా నమ్మినవాళ్లకు మా సంఘాల్లో తరచూ చూపించే భాగం ఇది. నాకూ చూపించారు. నేనూ ఇంటికి వెళ్లాను, చెప్పాను. చెప్పడంలో ఎంత తెలివితక్కువగా నడుచుకున్నానో తెలిసేసరికి చాలా కాలం పట్టింది. ఇంట్లోవాళ్లు నా సాక్ష్యం కూర్చుని వినాల్సినవాళ్లు అనుకున్నాను. నిజానికి నేను వాళ్లకు బాకీ ఉన్నాను. నా పాత బతుకు ఖర్చంతా మోసింది వాళ్లే. ఆ బాకీ ఊసెత్తకుండా వాళ్లకు పరలోకం గురించి చెప్పాను. నాలాగే తాగుడు మాని ప్రభువు దగ్గరికి వచ్చిన మగవాళ్లు పల్నాడులో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది మాచర్ల అవతల, నల్లమల వైపు ఉన్న వెల్దుర్తి. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ డ్యాము మాకు దగ్గరే. దాని కుడి కాలువ ఎక్కడెక్కడి పొలాలనో తడిపింది గానీ, మెరకన ఉన్న మా చేలకు మాత్రం ఆ నీళ్లు ఎక్కలేదు. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం నాన్న ఎదురుచూశాడు, ఇప్పుడు మేము చూస్తున్నాం. బోరు పడితే మిరప, పడకపోతే పత్తి, కంది. ఇలాంటి నేలమీద ఒక్క రూపాయి మిగలాలంటే ఇంటిల్లిపాదీ నడుము వంచాలి. అలా మిగిలిన రూపాయిని నేను తాగాను, పేకాటలో పెట్టాను.

నాన్న పోయాక అన్నా నేనూ ఉమ్మడిగానే సేద్యం చేశాం. అన్న చేలో ఉండేవాడు, సరుకు అమ్మకం నేను చూసేవాణ్ని. ఒక ఏడు మిరపకాయ బాగా వచ్చింది. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, లారీకెత్తించుకుని గుంటూరు యార్డుకు వెళ్లాను. ధర కూడా మంచిదే పలికింది. కమీషన్ కొట్లో తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాయించుకుని, డబ్బు లెక్కపెట్టుకుని, ఇంటికి రావాల్సినవాణ్ని దారి మళ్లాను. తిరిగి వచ్చినప్పుడు జేబులో కొద్దిగానే మిగిలింది. రేటు పడిపోయిందన్నాను. తేమ ఎక్కువుందని కోత పెట్టారన్నాను. అన్న ఒక్క మాట కూడా అడగలేదు. “పోనీలేరా, మన ఒక్కళ్లకేనా” అన్నాడు. ఆ ఏడు పురుగుమందుల కొట్టు అప్పు తీర్చడానికి అన్న తన ఎడ్ల జత అమ్ముకున్నాడు. మరుసటేడు నా ప్రామిసరీ నోటు మీద హామీ సంతకం కూడా ఆయనే పెట్టాడు.

నా భార్యకు పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు, గాజులు ఒకటొకటే తాకట్టుకు వెళ్లాయి. విడిపిస్తానని చెప్పాను, విడిపించలేదు. అమ్మ పింఛను డబ్బు కూడా నా చేతికి అందకుండా ఉండేది కాదు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, తరవాత నేను ఏ ఇంట్లో నిలబడి దేవుడి మాట చెప్పానో చదివేవాళ్లకు తెలియాలి.

నేను మారిన సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఒక రాత్రి రోడ్డు పక్కన పడి ఉంటే, మా చేలో మిరపకోతకు వచ్చే ఒకామె, ఆమె భర్త కలిసి లేపి తమ ఇంటికి తీసుకెళ్లారు. దళితుల పల్లెలో ఇల్లు. నీళ్లిచ్చారు, మంచమిచ్చారు, తెల్లారేదాకా కాపలా కూర్చున్నారు. పొద్దున నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ చేతులకు నేను కూలి ఎగ్గొట్టిన రోజులు ఉన్నాయి. ఆ చేతులే నాకోసం దేవుణ్ని బతిమాలుతుంటే ఏడుపు ఆగలేదు. మాచర్లలో డాక్టరు మందులిచ్చాడు. చేతులు వణికాయి, రాత్రుళ్లు నిద్ర లేదు, అయినా తట్టుకున్నాను. యేసు ప్రభువు నన్ను పట్టుకున్నాడని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకం ఇవాళ్టికీ కదల్లేదు. సాగర్ కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను.

నాలో మార్పు నిజమే. అంతకుముందు పల్లెవాళ్లలో పెద్దవాళ్లను కూడా ఏరా, ఏమే అని పిలిచిన నోటితో అయ్యా, అమ్మా అన్నాను. వాళ్లతో ఒకే చాపమీద కూర్చున్నాను, వాళ్లింట అన్నం తిన్నాను. ఊళ్లో కొందరు ముక్కున వేలేసుకున్నారు. అప్పుడు నా తరఫున మాట్లాడింది మా అన్న. అరుగుమీద ఎవరో నన్ను ఎత్తిపొడుస్తుంటే, “బ్రహ్మనాయుడు చేసింది అదే గదా. మాచర్ల చెన్నకేశవుడి గుళ్లో దణ్ణం పెట్టుకుంటారు, కారంపూడి పోయి వీరులకు మొక్కుతారు, చాపకూడంటే మాత్రం నొప్పా?” అన్నాడంట. పన్నెండో శతాబ్దంలో అన్ని కులాలనూ ఒక్క చాపమీద కూర్చోబెట్టి తినిపించిన మనిషిని తలుచుకుని అన్న నన్ను వెనకేసుకొచ్చాడు. అలాంటి అన్నకు నేను అదే వారంలో నరకం గురించి చెప్పాను.

అసలు చెప్పాల్సింది ఇక్కడ మొదలవుతుంది. నమ్మిన కొత్తలో నాకు తెలిసింది కొంచెం, చెప్పాలన్న తొందర కొండంత. పొద్దున లేస్తే అమ్మ దేవుడి గూట్లో దీపం పెడుతుంది. నేను పక్కన నిలబడి, ఆ పటాలు వింటాయా, మాట్లాడతాయా అని అడిగేవాణ్ని. అమ్మ పెళ్లయి ఈ ఇంటికి వచ్చిననాటి నుంచి పెడుతున్న దీపం అది. నేను తాగి పడి ఉన్న రాత్రుళ్లు ఆమె నాకోసం మొక్కుకున్నది ఆ గూటి ముందే. ఆ మొక్కులు నాకోసమేనన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

నాన్న తద్దినం వచ్చింది. నేను కూర్చోనని చెప్పాను. అన్న సరేనన్నాడు, పెద్దకొడుకుగా తనే పెడతానన్నాడు. భోజనాల వేళకు అమ్మ ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో అన్నం, పప్పు, మూల కాస్త అరటికాయ వేపుడు. “పెద్దలకు పెట్టకముందే తీసి పక్కనబెట్టా నాయనా. దేనికీ చూపించలా. నువ్వు తినొచ్చు” అంది. నా నమ్మకానికి ఏది అడ్డో నేనెవరికీ వివరంగా చెప్పలేదు. ఆమె తనంతట తనే ఆలోచించి, కొడుకు మనసు నొచ్చుకోకూడదని, ఉపవాసం ఉండి వండిన వంటలో ముందుగా నా వంతు తీసిపెట్టింది. నేను ఆ గిన్నె వెనక్కి తోశాను. ఆ పొయ్యిమీద వండింది ఏదైనా తిననన్నాను. అమ్మ ఏమీ అనలేదు. గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ పూట ఆమె కూడా తినలేదని తరవాత నా భార్య చెప్పింది.

విగ్రహాలకు పెట్టినదాని గురించి పౌలు కొరింథు సంఘానికి రాసినదంతా ఇప్పుడు చదువుతుంటే, ఆయన మొదట చూసేది ఎదుటివాడి మనసుకు తగిలే దెబ్బనే అని అర్థమవుతుంది. జ్ఞానం మనిషిని పొంగిస్తుందని, ప్రేమే నిలబెడుతుందని ఆయన అక్కడే రాశాడు. నేను ఆ అధ్యాయాల్లో తినకూడదన్న మాట ఒక్కటే వెతుక్కున్నాను. అక్షరం చదవని మా అమ్మ ఆ అధ్యాయం చెప్పినట్టే నడుచుకుంది.

అన్నతో ఇంకోరకం. అన్నకు పద్యనాటకాలంటే ప్రాణం. కాటిసీను పద్యాలు రాగం తీసి పాడతాడు, తిరునాళ్లలో హరిశ్చంద్ర నాటకం ఉంటే ఎంత దూరమైనా వెళతాడు. అవి లోకసంబంధమైనవి, ఆత్మకు చేటు అన్నాను. అన్న నవ్వి, “కాటిసీనులో జనం చప్పట్లు కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకునే పద్యాలు ఎవరివనుకున్నావురా? మన వినుకొండ జాషువావి. ఆయన మీవాడే” అన్నాడు. నాకు తెలియదు. పల్నాడు గడ్డమీద పుట్టిన అంత గొప్ప క్రైస్తవ కవి గురించి నాకు తెలియదు, మా అన్నకు తెలుసు. క్రీస్తు చరిత్ర కావ్యానికి జాషువాకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని కూడా అన్న చెప్తేనే విన్నాను. ఆ సాయంత్రం అన్నతో కూర్చుని ఆ కావ్యం గురించి మాట్లాడుకుని ఉంటే, నా ప్రభువు గురించి మా ఇద్దరి మధ్య మాట దానంతటదే నడిచేది. అన్న తలుపు తీసి పెట్టాడు. నేను వాదనకు దిగి మూసేశాను.

అమ్మకు ఉన్న దిగులు వేరు. మా వైపు తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టడం ఆనవాయితీ. నేను చిన్నవాణ్ని. “నేను పోతే నాకు తలకొరివి ఎవరు పెడతార్రా?” అని ఒక రాత్రి అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి ఆమె ఎన్నాళ్లు లోపల నలిగిందో నేను చూడలేదు. ప్రాణం పోయాక ఒళ్లు మట్టే కదా, ఎవరు పెడితే ఏమిటి అన్నాను. ఆత్మ గురించి ఆలోచించమన్నాను. ఆమె అడిగింది కట్టెల గురించి కాదు. ఆఖరిరోజున కొడుకు తన దగ్గర ఉంటాడా లేదా అని అడిగింది. ఆ మాటకు జవాబు చెప్పకుండా ప్రసంగం చెప్పాను.

ఒకసారి మాత్రం అమ్మ నాకు ఎదురు చెప్పింది. “మా అమ్మ కాన్పు కష్టమైతే గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో బతికించారు. నీ దేవుణ్ని నమ్మినోళ్లే వాళ్లు. మా అమ్మ చచ్చేదాకా ఆ తల్లులకు దణ్ణం పెట్టుకునేది. వాళ్లెవరూ ఆమెను ఇట్టా మాటలనలా” అంది. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. ఆమె కష్టంతో 1898లో ఆ ఆసుపత్రి తెరుచుకుంది. అంతకు చాలా ముందే, 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకుని తిరిగి వచ్చి, 1849లో మా గురజాలలో మకాం పెట్టి పల్నాటి పల్లెలు తిరిగాడు. ఈ నేలమీద క్రీస్తు పేరు ఊళ్లలోకి అడుగుపెట్టింది మందుతోనూ బడితోనూ కలిసి. నేను పుట్టకముందే మా అమ్మమ్మ ఒంటికి ఆ పేరు ఒక మేలు చేసి వెళ్లింది. అలా మా ఇంట్లో ఎప్పటినుంచో మర్యాదగా నిలిచిన పేరును నా దూకుడుతో నేనే పలచన చేశాను.

ఇంట్లో ఎవరూ వినకపోయేసరికి నేను హింస పడుతున్నాననుకున్నాను. భక్త సింగ్ గారి కథ అప్పుడే విన్నాను. పంజాబు సిక్కు కుటుంబం ఆయనది. కెనడాలో ఉన్నప్పుడు క్రీస్తును నమ్మి 1933లో బొంబాయిలో దిగాడు. తల్లిదండ్రులు ఎదురొచ్చి, ఇంటి పరువు కోసం ఈ సంగతి బయటపెట్టవద్దని అడిగారు. దాచలేనన్నాడు. వాళ్లు ఆయన్ను అక్కడే వదిలి వెళ్లిపోయారు. తరవాత హైదరాబాదులోని హెబ్రోను మందిరం నుంచి ఆయన సేవ ఎన్నో తెలుగు పల్లెలకు పాకింది. నేనూ అలాంటివాణ్నే అనుకున్నాను. తేడా ఎంత ఉందో చూడలేదు. ఆయన్ను విశ్వాసం దాచమన్నారు, నన్ను ఎవరూ దాచమనలేదు. నా కోసం అన్నం విడిగా తీసిపెట్టారు, అరుగుమీద నా తరఫున మాట్లాడారు. మా ఇంట్లో బాధపడింది వాళ్లు, బాధపెట్టింది నేను.

తరవాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మా మందిరంలో సభలు పెట్టారు. రాత్రిపూట కూడిక, స్తంభానికి మైకులు కట్టారు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచి నా పాపాలన్నీ చెప్పాను. తాగుడు చెప్పాను, పేకాట చెప్పాను, భార్య నగలు చెప్పాను. ఒక ఏడు మిరప అమ్మిన డబ్బంతా జూదంలో పోగొట్టి, రేటు పడిందని ఇంట్లో అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. జనం స్తోత్రం, హల్లెలూయ అన్నారు. నాకు కన్నీళ్లు వచ్చాయి. అంతా ఒప్పుకున్నానని గుండె తేలికపడింది.

వెల్దుర్తిలో రాత్రిపూట మైకు పెడితే ఊరంతా వినిపిస్తుంది. మా అన్న మంచంమీద పడుకుని విన్నాడు. ఎడ్లు ఎందుకు అమ్ముకోవాల్సి వచ్చిందో ఆయనకు ఆ రాత్రి తెలిసింది. అప్పటిదాకా ఆ ఏడు ధర పడిపోయిందనే నమ్మి ఉన్నాడు.

నేను ఇంటికి వచ్చేసరికి అన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. కోపం లేదు. “ఊరందరికీ చెప్పావురా. నాకు చెప్పాలనిపించలేదా?” అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. లోపల నా భార్య, “నా గొలుసు సంగతి చెప్తే అందరూ దేవుడికి స్తోత్రం చెప్పారంటగా. ఆ గొలుసు మా నాయన పత్తి అమ్మి చేయించాడు” అంది. ఆమె గొంతు పెంచలేదు. ఆ ఇద్దరి మాటలూ విన్నాక నా ప్రసంగాలన్నీ నాకే చేదుగా అనిపించాయి.

నా పాపం వాళ్ల నష్టం. ఆ నష్టాన్ని నేను నా కథగా చేసి చెప్పుకున్నాను. దేవుడు నన్ను క్షమించాడు, నిజమే. ఆ క్షమాపణను పట్టుకుని మా అన్న దగ్గర, నా భార్య దగ్గర అడగాల్సిన క్షమాపణను ఎగ్గొట్టాను. ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు ఒప్పుకోవడం నాకు తేలికైంది. వాళ్లకు నేను ఏమీ బాకీ లేను, వాళ్లు నన్ను తిరిగి ఏమీ అడగరు. ఇంట్లో ఒప్పుకుంటే అడుగుతారు. అడిగితే ఇవ్వాలి. ఆ భయంతోనే నేను ఇంట్లో మోక్షం గురించి చెప్పాను గానీ నా గురించి చెప్పలేదు.

మర్నాడు మా పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను ఓదార్చలేదు. లూకా పందొమ్మిదో అధ్యాయం తీసి జక్కయ్య కథ చదివించాడు. సుంకాలు వసూలు చేసే జక్కయ్య, ప్రభువు ఇంటికి వచ్చినప్పుడు లేచి నిలబడి చెప్పింది డబ్బు సంగతే. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట విన్నాకే ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. “ఆ ఇంటికి అన్నాడు, చూశావా? జక్కయ్య ఒక్కడికే అన్లేదు. నువ్వు ఇంటివాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు గానీ, ఏం ఇవ్వాలో ముందు లెక్క వేసుకో” అన్నాడు పాస్టరు గారు.

అప్పటికి మిరపకోతలు నడుస్తున్నాయి. కళ్లంలో కాయ ఆరబోసి ఉంది. సాయంత్రం ఎండ తగ్గాక అమ్మా, అన్నా, నా భార్యా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. నేనూ వెళ్లి కూర్చున్నాను. మిరప ఘాటుకు అందరికీ దగ్గు వస్తోంది. కాసేపు నేనూ ఏరాను. తరవాత జేబులోంచి నోటుపుస్తకం తీశాను. నాకు గుర్తున్నంతవరకు అందులో రాసుకున్నాను. ఆ ఏడు కాయ అసలు ధర, నేను ఇంట్లో ఇచ్చింది, మధ్యలో పోయింది. ఎడ్ల ఖరీదు. గొలుసు, గాజులు. అమ్మ పింఛను. పల్లెలో ఎగ్గొట్టిన కూలి. ఒక్కొక్కటే చదివాను. చదివి, “ఇది నేను మీకు చేసింది. దేవుడు క్షమించాడని మీరు మర్చిపోవాలని నేననను. నన్ను క్షమించమని అడుగుతున్నా. తీరుస్తా. టైము ఇవ్వండి” అన్నాను. ఆ రోజు బైబిలు మాట ఒక్కటీ చెప్పలేదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అన్న తాలుకాయ ఏరి పక్కన పడేస్తూ, “గాజులు నాలుగు గాదురా, ఆరు. రెండు నువ్వు మర్చిపోయావు” అన్నాడు. నా భార్య అవునంది. నేను పుస్తకంలో దిద్దుకున్నాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, “తద్దినం నాటి గిన్నె కూడా రాసుకో” అంది. ఆ మాటకు నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను.

అప్పు ఒక్క ఏడుతో తీరేది కాదు. అప్పటినుంచి సరుకు అమ్మడానికి అన్నా నేనూ కలిసే గుంటూరు వెళ్తున్నాం. తక్‌పట్టీ అన్న చేతికే ఇప్పిస్తున్నాను. నా వంతులోంచి ముందు పల్లెవాళ్ల కూలి బాకీ ఇచ్చాను, ఎందుకంటే వాళ్ల పొయ్యి ఆ డబ్బుమీదే వెలగాలి. తరవాత నా భార్యకు గాజులు చేయించాను. గొలుసు ఇంకా బాకీ ఉంది. ఎడ్ల డబ్బు వాయిదాల మీద ఇస్తున్నాను. అన్న మొదట వద్దన్నాడు, నేను ఊరుకోలేదు. తీసుకోవడం ఆయన హక్కు.

అమ్మకు కొరివి గురించి కూడా ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. నేను ఆ తంతు చేయలేనని దాచకుండా చెప్పాను. అన్న పెడతానన్నాడు. పాడె మోస్తానని, కట్టెలు మోస్తానని, ఆ రోజంతా ఆమెను విడిచి ఎక్కడికీ కదలనని చెప్పాను. అమ్మ కాసేపు నా మొహంలోకి చూసి, “అంతే చాలురా” అంది. మంచి మనసుతో ముందే కూర్చుని ఉంటే ఆ మాట చాలా ముందే వినేవాణ్ని. నా విశ్వాసంలో ఒక్క గీత కూడా చెరుపుకోవాల్సిన పని పడేది కాదు.

ఒంగోలు మిషను చరిత్ర చదువుతున్నప్పుడు యెర్రగుంట్ల పేరయ్య గారి సంగతి నా కళ్లు తెరిపించింది. తోళ్ల బేరం చేసుకునే మాదిగ ఆయన. యోగ గురువుల వెంట తిరిగి, దేవుడి కోసం వెతికినవాడు. బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు గురించి విని ఇంటికి వచ్చి, మొదట భార్య నాగమ్మతో మాట్లాడాడు. ఇంట్లోనూ చుట్టుపక్కల మనుషుల్లోనూ ఆ మాట నానిన తరవాతనే 1866లో ఒంగోలు వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ వైపు పల్లెల్లో సంఘాలు లేవడానికి ఆయన ఇల్లే మొదలు. మనుషులు ఆయన మాట విన్నారంటే, ఆయన బతుకు అంతకుముందే వాళ్లకు తెలుసు కాబట్టి. ఆ భార్యాభర్తల మధ్య అప్పటికే నమ్మకం ఉంది. నాకు ఆ నమ్మకం లేదు. నేను దాన్ని తాగేశాను. అది మళ్లీ కూడబెట్టుకున్నాక గానీ నా నోటి మాటకు విలువ రాదని తెలుసుకోలేకపోయాను.

ఇప్పుడు మా ఇల్లు ఎలా ఉందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను. అమ్మ గూట్లో దీపం పెడుతూనే ఉంది. నేను దాని గురించి మాట్లాడను. మోకాళ్ల నొప్పి ఎక్కువైన రాత్రి మాత్రం, “నీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు నాయనా” అంటుంది. నేను పక్కన కూర్చుని ప్రార్థన చేస్తాను. అన్న మందిరానికి రాడు. జాషువా క్రీస్తు చరిత్ర సంపాదించి ఇచ్చాను, రాత్రుళ్లు గొంతెత్తి చదువుతాడు, అర్థం కానిచోట నన్ను అడుగుతాడు. నా భార్య ఒక ఆదివారం తనంతట తనే తయారై నాతో బయలుదేరింది. నేను రమ్మనలేదు. ఎందుకు వచ్చావని అడిగితే, “నోటుపుస్తకం తీసిన రోజునుంచి చూస్తున్నా. మాట నిలబెట్టుకుంటున్నావు. నీకు ఆ బలం ఎవరిస్తున్నారో తెలుసుకుందామని” అంది. వాళ్లు నమ్ముతారా లేదా అన్నది దేవుడి పని, వాళ్ల మనసు పని. దాన్ని నా చేతిలోకి తీసుకోవాలని చూసినన్నాళ్లూ నేను దేవుణ్ని కూడా నమ్మలేదని ఇప్పుడు తెలుస్తోంది.

కొత్తగా ప్రభువును తెలుసుకున్న తమ్ముళ్లకు చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. మీ సాక్ష్యం ఎవరి ముందు చెప్పినా, అందులో నష్టపోయిన మనిషి ఎవరో ముందు చూడండి. ఆ మనిషికి తెలియకుండా, ఆ మనిషిని అడగకుండా ఆ కథ చెప్పకండి. ఇంట్లో దేవుడి పేరు ఎత్తేముందు ఒక పుస్తకం తీసుకుని బాకీలు రాసుకోండి. డబ్బు బాకీలు, మాట బాకీలు, చేయి చేసుకున్న రాత్రుల బాకీలు. వాళ్లు దిద్దితే దిద్దుకోండి. తీర్చడం మొదలుపెట్టండి. అమ్మానాన్నల నమ్మకాన్ని కించపరచకుండానే మీ నమ్మకం మీరు నిలుపుకోవచ్చు. మీకోసం విడిగా తీసిపెట్టిన అన్నం కళ్లకద్దుకుని తినండి.

కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చాక, నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడి రమ్మని ప్రభువు కొండమీద చెప్పాడు. మీకు అలాంటి అన్న ఉంటే, అలాంటి భార్య ఉంటే, ఈ ఆదివారం మందిరానికి కాస్త ఆలస్యంగా వెళ్లండి. ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. ఆ ఆలస్యానికి అనుమతి ఇచ్చింది ఆయనే.